తెర నిండా మా చెల్లెలి పేరు

ఈ రోజు ఆళ్లగడ్డలో మా చెల్లెలు సునంద ఇంటికి వెళ్లాను. వాళ్ల చర్చివాళ్లు క్రిస్మస్‌కు వేసిన పాటల నాటకం వీడియోను టీవీలో పెట్టింది. చివర్లో నటులు ఒక్కొక్కరే వచ్చి నమస్కారం పెడుతుంటే, ముఖం పక్కన పేరు పెద్ద అక్షరాలతో పడుతోంది. గొర్రెల కాపరి భార్యగా ఒకే ఒక్క మాట చెప్పిన మా చెల్లెలికీ పడింది! వాళ్లత్త చప్పట్లు కూడా కొట్టింది.

"మీ నంద్యాల వీడియోలో నీ పేరు యాడ ఏసినారక్కా?" అని అడిగింది సునంద.

నంద్యాలలో మా చర్చివాళ్లూ క్రిస్మస్‌కు ఇట్లాంటి నాటకమే వేశారు. అందులో మరియ వేషం కట్టినామె పెదాలు కదిపితే, తెర వెనక నుంచి పాటలన్నీ పాడింది నేను. చివర్లో వేసింది మాత్రం "గానం: బృందం". కుళ్లుతో నాకు టీ కూడా దిగలేదు.

నంద్యాలలో బస్సు దిగి, నేరుగా మా పాటల బృందాన్ని నడిపే అన్న ఇంటికి పోయి అడిగేశాను.

"దేవుని పనికి పేరెందుకమ్మా?" అన్నాడాయన.

"మరి నీ పేరు రెండు తూర్లు ఎందుకేసుకుంటివన్నా?"

ఆయన తల గోక్కుని, "వచ్చే క్రిస్మస్‌కు నీదీ ఏపిస్తాలేమ్మా" అన్నాడు.

అంతవరకు మా చెల్లెలి ఫోన్ ఎత్తాలా వద్దా, మీరే చెప్పండి.