నీళ్లపాలైన ఊద్ కేసు

కూతురు పెళ్లయి కైరో వెళ్లిన నెలకే దౌలత్ మళ్లీ కాలేజీలో చేరింది. యాభై దాటిన మనిషి. అలెగ్జాండ్రియాలో బాకోస్ పేటలో, ఇస్త్రీ కొట్టు పైగదిలో వకీలుగా ఏళ్ల తరబడి కూర్చుంది. భరణాలు, విడాకులు, పిల్లలు ఎవరి దగ్గరుండాలనే తగాదాలు... ఆమె చేతుల మీదుగా వెళ్లని సంసారం ఆ చుట్టుపక్కల తక్కువ. న్యాయశాస్త్రంలో మాస్టర్స్ కావాలంటే ఏడాదికొకటి చొప్పున రెండు డిప్లొమాలు గట్టెక్కాలి. కూతురు కడుపులో ఉన్నప్పుడు వదిలేసిన చదువది.

"మనవల్ని ఎత్తుకునే వయసులో పుస్తకాలెత్తుకున్నావేంటే?" అంది మెట్ల మీద ఎదురైన పక్కింటి ఉమ్ రజబ్.

"మనవలొచ్చేలోపే చదివేయాలమ్మా. వాళ్లొస్తే చింపేస్తారు."

సివిల్ చట్టం, వారసత్వం లాంటివి అందరూ చదవాల్సిందే. ఒక్క సబ్జెక్టు మాత్రం ఎవరిష్టం వాళ్లది. దౌలత్ సముద్ర చట్టం తీసుకుంది. భర్త మూర్సీ ముప్పై ఏళ్లు సరుకు ఓడల్లో వంటవాడిగా చేసి ఇప్పుడు ఇంటిపట్టున ఉన్నాడు. ఇంట్లోనే ఇంత సముద్రం పెట్టుకుని వేరే సబ్జెక్టు ఎందుకనుకుంది.

తీరా చూస్తే మూర్సీ వల్ల ఒరిగిందేమీ లేదు. సరుకు రసీదుల గురించి అడిగితే, "అది కెప్టెన్ గోల. నా గోలంతా ఉల్లిపాయలు," అనేవాడు. ఒక సాయంత్రం అతను చేపలు తోముతుంటే, ఆమె ఉమ్మడి నష్టం పాఠం పైకి చదువుకుంటోంది. తుఫానులో ఓడను కాపాడటానికి కెప్టెన్ కొందరి సరుకు సముద్రంలో పారేయిస్తే, ఆ నష్టం సరుకు ఒడ్డుకు చేరినవాళ్లందరూ పంచుకోవాలి.

మూర్సీ చేప వదిలేశాడు. "అయితే నా ఊద్ సంగతేంటి?"

"నీకు ఊద్ ఎక్కడిది? నువ్వు తీగ మీటగా నేనెప్పుడూ చూళ్లేదే."

"ఉండేది. మా నాన్న వాయించింది. క్రీట్ దగ్గర తుఫానులో నీళ్లపాలైంది. ఎవడూ పైసా ఇవ్వలేదు. మీ మాస్టార్ని అడుగు."

"ఇన్నేళ్ల కాపురంలో ఒక్కసారీ చెప్పలేదేం?"

"నేను ఒడ్డున ఉన్నదెప్పుడు, చెప్పేదెప్పుడు?"

దౌలత్ మొహమాటపడుతూనే క్లాసులో అడిగింది. నవ్వడం తెలియదని పేరుపడ్డ ప్రొఫెసర్ వజ్దీ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నావికులు తమ సొంత సామాను మీద నష్టంలో వాటా కట్టక్కర్లేదు. కానీ దాన్నే పారేస్తే పరిహారం రావాలి. వాయిద్యం సొంత సామానా? పారేసింది ఓడ కోసమేనా? వచ్చేవారం విచారిద్దాం. మీ ఆయన్ని తీసుకురండి. ఆయన తరఫున మీ పక్క కుర్చీలో ఉన్న నెర్మీన్. సరుకు యజమానుల తరఫున మీరు."

"మా ఆయన మీద నేనా?"

"ఇంట్లో చేసేదేగా ఆంటీ," అన్నారెవరో వెనక బెంచీ నుంచి.

మూర్సీ కూతురి పెళ్లికి కుట్టించిన సూటు వేసుకుని, తళె నిండా బస్బూసా పట్టుకుని వచ్చాడు.

"సాక్షి లంచాలు తేకూడదు బాబాయ్!" అంది నెర్మీన్.

"లంచం కాదమ్మా, తీపి. తిని న్యాయం చెప్పండి."

నెర్మీన్ అడిగినంతసేపూ అతను అదరగొట్టాడు. కొండంత అలలు, వంటగదిలో ఎగిరిన గిన్నెలు, తండ్రి గుర్తుగా మిగిలిన ఒక్క ఊద్. ఇద్దరు ఆడపిల్లలు కళ్లు తుడుచుకున్నారు. అప్పుడు దౌలత్ లేచింది.

"తుఫాను ఎప్పుడు మొదలైంది?"

"మధ్యాహ్నం."

"ఊద్ ఎప్పుడు పోయింది?"

"మర్నాడు... పొద్దున."

"అప్పుడు సముద్రం ఎలా ఉంది?"

మూర్సీ బస్బూసా వైపు చూశాడు. "నూనె పోసినట్టు నున్నగా ఉంది."

"మరి ఓడకేం ప్రమాదం?"

"ఓడక్కాదు, ఇంజనీరు చెవులకి!" అనేశాడు. "భయంతో తెల్లారేదాకా వాయించాను. నాకొచ్చింది ఒక్క పాటే. వాడు లేచొచ్చి లాక్కుని విసిరేశాడు."

క్లాసు గొల్లుమంది. వజ్దీ గారు బల్ల మీద తల పెట్టుకుని నవ్వి, నవ్వి, చివరికి తీర్పు చెప్పారు. అందరి ప్రాణాల కోసం పారేసింది కాదు కనక ఉమ్మడి నష్టం కిందికి రాదు. ఇంజనీరు మీద వేరే దావా ఉండేది, దాని గడువు ఎప్పుడో దాటిపోయింది.

"అంటే ఓడిపోయానా?"

"ఓడిపోయారు బాబాయ్. ఆంటీ చేతిలో," అంది నెర్మీన్.

"అయితే కొత్తేముంది?" అంటూ తళె అందరి ముందుకూ తిప్పాడు.

ట్రామ్‌లో దౌలత్ ఇద్దరికీ టికెట్లు తీసి మూర్సీ పక్కన కూర్చుంది. పదిమందిలో మొగుణ్ని నవ్వులపాలు చేశానేమోనని ఆమె దిగులు.

"కోపమొచ్చిందా?" అంది చివరికి.

"కోపమా? నువ్వు వాదిస్తుంటే నేనెప్పుడైనా చూశానా? నువ్వు కోర్టులో, నేను నీళ్లమీద. నాలుగే నాలుగు ప్రశ్నలు వేసి నా పేగుల్లోంచి నిజం లాగావే! ఎదుటి వకీళ్లు రాత్రిళ్లు ఎలా నిద్రపోతారే?" పక్క సీటాయన భుజం తట్టి మరీ చెప్పాడు, "మా ఆవిడండీ. వకీలు. ఇప్పుడే నన్ను ఓడించింది."

దౌలత్ ముఖం ఎర్రబడింది. ఎన్ని కేసులు గెలిచినా ఆమెకు అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

ఎండాకాలంలో ఫలితాలొచ్చాయి. సివిల్ చట్టంలో చావుతప్పి కన్ను లొట్టపోయినట్టు గట్టెక్కింది గానీ, మొత్తానికి 'బాగుంది' శ్రేణిలో పాసయింది. అందరికంటే ముందు బాల్కనీలోంచి ఉమ్ రజబ్ నాలుక ఆడిస్తూ, పెళ్లిళ్లలో పెట్టే జగ్రూతా పెట్టింది. ఆ కూతకు వీధిలోని ఇస్త్రీవాడు పెట్టె వదిలేసి పైకి చూశాడు.

శుక్రవారం క్లాసంతా దౌలత్ వాళ్ల డాబా మీదకి భోజనానికొచ్చింది. మూర్సీ చేపల అన్నం గుండిగ నిండా వండాడు. గాలికి ఎగురుతున్న కాగితపు పళ్లేలను ఒడిసిపట్టుకుంటూ నెర్మీన్ అడిగింది, "ఆంటీ, రెండో డిప్లొమాకి ఏది తీసుకుంటున్నారు?"

"ఏదైతేనేం! నువ్వు చేరేదాంట్లోనే నేనూ చేరతాను. నీ పక్క కుర్చీ మాత్రం ఎవరికీ ఇవ్వకు," అంది దౌలత్, ఆమె పళ్లెంలో ఇంకో చేపముక్క వేస్తూ.