ఈరమ్మ దిబ్బ

గద్వాల దగ్గర కృష్ణ నడుమ ఎండాకాలం బయటపడే ఇసుక దిబ్బను ఇప్పుడందరూ ఈరమ్మ దిబ్బ అంటున్నారు. ఈరమ్మ మా అత్త. పుట్టి అనే గుండ్రటి పడవ మీద పోయి చేపలు పడుతుంది. ఆమె నోరు తెరిస్తే ఒడ్డంతా వినబడుతుంది.

ఆ దిబ్బ మీద నల్ల తల, పసుపు ముక్కు ఉన్న నీటిపిట్టలు వట్టి ఇసుకలోనే గుడ్లు పెడతాయి. మనుషుల అలికిడికి తల్లి ఎగిరిపోతే, ఆ ఎండకు గుడ్డు ఉడికిపోతుంది. మా జాలరులేమో ఏటా సరిగ్గా ఆ రోజుల్లోనే డప్పులతో దిబ్బకు పోయి, గంగమ్మకు మేకను కోసి, అక్కడే వండుకుని తినేవారు.

పోయినేడు కూడా పుట్లన్నీ సిద్ధమయ్యాయి. అత్త తెల్లారకముందే తెడ్లన్నీ ఏరుకొచ్చి, ఒక్కచోట కుప్పపోసి వాటి మీద కూర్చుంది.

సంఘం పెద్ద భీమయ్యకు కోపమొచ్చింది. "ఏంది వదినె, గంగమ్మకు పండుగ చెయ్యొద్దంటవా?"

"చెయ్యి. గీ ఒడ్డు మీద చెయ్యి. అక్కడ ఆ తల్లి ఒడిల పిట్టలు పొదుగుతున్నయి. బాలింత ఇంటి ముంగట డప్పు కొడతవా భీమయ్యా?"

పండుగ ఒడ్డునే జరిగింది.

ఈ ఏడు అత్త జ్వరంతో మంచం పట్టిన రోజున, వనపర్తి నుంచి కొందరు వచ్చి, ఫొటోలు తీసుకుంటాం, దిబ్బకు తీసుకుపొమ్మన్నారు. అత్త బదులు నేనే కసురుకోబోయాను. అంతలో భీమయ్య తన తెడ్డు తీసి చంకలో పెట్టుకున్నాడు.

"అక్కడ బాలింతలున్నరు," అన్నాడు. "పిల్లలకు రెక్కలొచ్చినంక రండి."