సర్పగంధకు కూలరు

కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది. ఆ రోజు ప్రిన్సిపాల్ ముందు మాత్రం ఎలాగో దిగమింగుకున్నాను. నేను భిలాయిలో బోటనీ లెక్చరర్‌ని. రక్తపోటు మందుకు పనికొస్తుందని చుట్టుపక్కల అడవుల్లో సర్పగంధను వేళ్లతో సహా పెకలించేస్తుంటే, దాన్ని సీసాల్లో పెంచుదామని కాలేజీలో పాత సామాన్ల గది ఒకటి బతిమాలి తీసుకున్నాను. కణుపు ముక్కను శుభ్రం చేసి, పంచదారా లవణాలూ కలిపిన జెల్లీ మీద పెడితే ఒక్క ముక్కే గుంపు మొక్కలయ్యేది. సీసాలో ఉన్నంతసేపూ నవనవలాడేవి. తీసి మట్టిలో పెట్టానా, సాయంత్రానికి తలలు వాల్చేసేవి. రెండుసార్లూ అంతే!

"మేడమ్, బోతల్ మే తో సబ్ హరా హై. మిట్టీ మే దిఖాయియే," అన్నాడు ప్రిన్సిపాల్. సీసాలో అన్నీ పచ్చగానే ఉంటాయట, సెలవులయ్యేలోగా మట్టిలో బతికించి చూపించకపోతే గది ఆటసామాన్లకు ఇచ్చేస్తాడట.

అది మే నెల. సీసాలోని చెమ్మకు అలవాటుపడ్డ పసిమొక్కలు భిలాయి వడగాలికి ఏం ఆగుతాయి? ఇంటికొచ్చి ఆలోచిస్తుంటే మా కూలరు కనిపించింది. తడిసిన వట్టివేళ్ల తెరలతో ఆ ఒక్క గదే చల్లగా, చెమ్మగా ఉండేది. మంచాలు బయటికి లాగేశాను. చాయ్ దుకాణం మట్టి ముంతలకు అడుగున చిల్లు పెట్టి, మొక్కలు నాటి, పాలిథిన్ కవర్లు కప్పి ఆ గదిలో చేర్చాను. బయటి గాలి అలవాటయ్యేలా కవర్లను రోజూ కాస్త కాస్తగా తెరిచేదాన్ని.

విజయనగరం నుంచి వచ్చి మాతోనే ఉంటున్న అత్తయ్య గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏటే ఇది? మొక్కలకి కూలరు, మనుషులకి వడగాడ్పా? నీ మొగుడు నైట్ షిఫ్ట్ చేసొచ్చి ఎక్కడ తొంగుంటాడు?"

ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేసే ఆయన పాపం తడిదుప్పటి కప్పుకుని వంటింటి గచ్చు మీద పడుకున్నాడు. "ఫర్నేస్ దగ్గరకన్నా నయమేలే," అన్నాడు.

అత్తయ్య సణుగుడు మాత్రం ఆగలేదు. అయితే నేను పరీక్ష పేపర్లు దిద్దడానికి వెళ్లిన రోజున కూలర్లో నీళ్లయిపోతే, బకెట్లు మోసి నింపింది ఆవిడే. "ఇవి సచ్చిపోతే మళ్లీ మొదలెడతావు కదా, మా ఖర్మ!" అంది.

జూన్‌లో కొత్త చిగుళ్లు వేశాయి. ఇల్లు ఎగిరిపోయేలా అరిచాను.

కాలేజీ తెరిచిన రోజున ముంతలు ఒళ్లో పెట్టుకుని అత్తయ్య కూడా రిక్షా ఎక్కింది. ప్రిన్సిపాల్ మొక్కల వంక అనుమానంగా చూశాడు. అడవిలోంచి తెచ్చి గుచ్చలేదు కదా అంటూ ఒకదాన్ని కాండం పట్టుకుని లాగాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

మొక్క ఊడలేదు. ముంతతో సహా గాల్లోకి లేచింది. అడుగు చిల్లులోంచి తెల్లటి వేళ్లు బయటికొచ్చి ఉన్నాయి.

"రూమ్ ఆప్కా," అన్నాడు. గది నాదే! సిగ్గు విడిచి అక్కడే చప్పట్లు కొట్టేశాను. అంత సంతోషం నాకు డిగ్రీ వచ్చినప్పుడు కూడా లేదు.

ఆయన ముంతను ఇంకా కాండం పట్టుకునే వేలాడదీస్తున్నాడు. అత్తయ్య ఊరుకుంటుందా?

"బాబూ, కింద పెట్టండి. మా కోడలు పెంచినాది అలగ పీకితే వచ్చేస్తాదేటి?"

ఆయనకు తెలుగు ముక్క రాదు. అయినా రెండు చేతులతో పట్టుకుని మెల్లగా బల్ల మీద పెట్టాడు.