ముప్పై ఏడంగుళాల మూత

2005 మార్చిలో మా ఆవిడ కుట్టుమిషన్ ముందుగది కిటికీ పక్క నుంచి లోపలి గదిలోకి వెళ్లింది. దాన్ని జరిపించింది నేనే. తెనాలిలో మేము అద్దెకున్న ఆ ఇంట్లో మూడు పిన్నుల ప్లగ్గు ఉన్న గోడ అదొక్కటే. నేను కొన్న చేపల తొట్టిని అక్కడ తప్ప మరెక్కడా పెట్టే వీలు లేదని, కాగితం మీద గది పటం గీసి మరీ నిరూపించాను. ఎండ తగిలితే తొట్టిలో పాచి పడుతుంది కనుక కిటికీ రెక్కలు మూసేశాను. రెక్కలు మూశాక చీకటయింది కనుక నీటిలోని మొక్కలకు దీపాలు కావలసి వచ్చాయి. ఈ వరుసలో పొరపాటు ఎక్కడుందో అప్పట్లో నాకు కనబడలేదు.

లోపలి గదికి కిటికీ లేదు. ఆవిడ పట్టపగలు ట్యూబులైటు వేసుకుని జాకెట్లు కుట్టేది. నల్లగుడ్డ మీద నల్లదారం కనబడటం లేదని రెండుసార్లు చెప్పింది. మూడోసారి చెప్పకుండా షరతు పెట్టింది.

"వేసవి దాటేదాకా చూస్తానండి. ఈలోపు మీ చేపలు ఉడికిపోతే మాత్రం నా కిటికీ నాకిచ్చెయ్యాలి."

"ఉడకడమంటే ఎంత? దానికొక లెక్కుండాలి," అన్నాను.

"ఆ లెక్కేదో మీరే రాసుకోండి. మీకదే కదా ఇష్టం."

రాశాను. మధ్యాహ్నం మూడు గంటలకు నీటి వేడి వరుసగా మూడు రోజులు ముప్పై రెండు డిగ్రీలు దాటితే తొట్టి ముందుగది వదలాలి, మిషన్ కిటికీ దగ్గరకు రావాలి. డైరీ మొదటి పేజీలో రాసిన దాని కింద తేదీ వేసి సంతకం చేసి, ఆవిడను కూడా చేయమన్నాను. పొయ్యి మీద పాలున్నాయని వెళ్లిపోయింది. నా ఉద్యోగం బాపట్లలో. పొద్దున్నే రైలెక్కితే మళ్లీ ఏడింటికి ఇల్లు చేరతాను. కనుక మూడింటికి థర్మామీటరు చూసి డైరీలో అంకె వేయవలసింది ఆవిడే అయింది.

ఇక దీపాలు అమర్చడానికి మూత కావాలి. ఏప్రిల్ పదో తేదీ ఆదివారం రేపల్లె వెళ్లాను. అక్కడ ఉండే మా తోడల్లుడి ఇంటికి తలుపులు చేసిన వడ్రంగి మేస్త్రి మంచి పనివాడని పేరు. ఆయనకు నేను గీసిన పటం ఇచ్చాను. తొట్టి బయటి కొలత ముప్పై అయిదూ ముప్పాతిక అంగుళాల పొడవు, పద్నాలుగూ ముప్పాతిక వెడల్పు. దాని మీద టోపీలా దిగాలి కనుక మూత లోపలి కొలత ముప్పై ఆరు, పదిహేను. లోపల రెండడుగుల ట్యూబులు రెండు, వాటి చోకులు రెండు. చోకులు బాగా వేడెక్కుతాయి కనుక ఆ వేడి పోవడానికి వెనక చెక్క పైవరసలో పన్నెండు రంధ్రాలు.

మేస్త్రి కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, చెక్క మీద పెన్సిలుతో గుణించాడు.

"కుదరదు బాబుగారు. ముప్పై ఆరు పదిహేన్లు అయిదొందల నలభై. ఎనిమిదితో కొడితే నాలుగు మిగులుద్ది. శునకాయం."

ఇంటికీ, గుమ్మానికీ, మంచానికీ ఆయం చూస్తారని తెలుసు. పొడవునూ వెడల్పునూ గుణించి, ఎనిమిదితో భాగించి, మిగిలిన అంకెను బట్టి మంచీ చెడూ చెబుతారు. చేపల తొట్టి మూతకు కూడా చూస్తారని తెలియదు.

"అందులో ఉండేది చేపలండి," అన్నాను.

"చేపలుండేది మీ ఇంట్లోనే కదండి. నా చేత్తో శునకాయం చెయ్యను. మా నాన్న చెప్పుల స్టాండుకి కూడా చూసేవాడు."

"మీ ఆయం మీరు చూసుకోండి. నా కొలత మాత్రం మార్చకండి."

ఈ రెండూ ఒకేసారి జరిగే పని కాదని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. అయినా ఇద్దరం తల ఊపుకున్నాం.

ఇరవై నాలుగో తేదీన వెళితే మూత సిద్ధంగా ఉంది. పనితనానికి వంక పెట్టలేను. మూలలు చక్కగా కలిశాయి, లోపల తెల్లరంగు రెండు పూతలు పడింది. టేపు తీసి కొలిచాను. ముప్పై ఏడు.

"ముప్పై ఏడు పదిహేన్లు అయిదొందల యాభై అయిదు. మూడు మిగిలింది. సింహాయం," అన్నాడు మేస్త్రి, బహుమతి ఇస్తున్నవాడిలా. "అంగుళం ఎక్కువైతే పోయేదేం లేదండి. తక్కువైతే కదా ఏడవాలి."

తిరుగు ప్యాసింజరులో ఆ పెట్టెను ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే, ఎదుటి సీటాయన అడగకుండానే దాని మీద తన క్యారేజీ పెట్టుకుని భోజనం చేశాడు.

ఇంటికి తెచ్చి దించితే, రెండు కొసలా కలిపి అంగుళంపావు సందు మిగిలింది. మూత అటు జరిపితే ఇటు, ఇటు జరిపితే అటు తొట్టి అంచు కనబడుతోంది. ఆ సందు చూస్తూ నేను ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. మర్నాడు స్పాంజి పట్టీలు తెచ్చి, చుట్టూ జిగురుతో అతికించి, పోస్టుకార్డు కూడా దూరనంత బిగువుగా మూసేశాను. మూత కదలడం మానేసింది. డైరీలో "దోషం సరిచేయబడినది" అని రాసి కింద గీత గీశాను.

వారం తిరక్కుండా నీరు ముప్పై ఒకటిన్నరకు చేరింది. రంధ్రాలు చాలలేదేమోనని పన్నెండును పద్దెనిమిది చేశాను. ఏమీ మారలేదు. అప్పుడు ఫ్యాను పెట్టాలనిపించి, బాపట్లలో కంప్యూటర్లు బాగుచేసే కొట్టుకు మధ్యాహ్నం భోజన విరామంలో వెళ్లాను. కొట్టాయన అరచేయంత ఫ్యానూ, దానికి సరిపడే అడాప్టరూ ముందు పెట్టి, ఏ కంప్యూటరుకో చెప్పమన్నాడు.

"కంప్యూటరుకు కాదండి. చేపల తొట్టికి."

"చేపలకి ఫ్యానేంటి సార్?" అని, పక్క కుర్చీలో ఉన్న మనిషి వైపు తిరిగి, "మన కొట్లో తిరగదు గానీ, సారు చేపలకి తిరుగుద్దంట," అన్నాడు. నిజమే, ఆ కొట్లో కరెంటు లేదు.

మే ఎనిమిదో తేదీ ఆదివారం వెనక చెక్కకు గుండ్రటి కోత కోసి ఫ్యాను బిగించాను. గాలిని బయటికి లాగేట్టు తిప్పి పెట్టి, అది పక్క రంధ్రాల్లోంచి మళ్లీ లోపలికి రాకుండా వాటికి టేపు అంటించాను. తిరుగుతోంది, చప్పుడు చేస్తోంది. దాని వెనక అగరువత్తి పెట్టి చూస్తే పొగ కదలీ కదలకుండా ఉంది. ఫ్యాను తిరగేసి పెట్టానేమోనని విప్పి మళ్లీ బిగించాను. వోల్టేజీ తక్కువేమోనని పక్కింటి నుంచి మీటరు తెచ్చి చూశాను. అన్నీ సరిగానే ఉన్నాయి, నీరు మాత్రం చల్లబడటం లేదు. ఆ వారమంతా రైల్లో, ఆఫీసులో, స్నానాల గదిలో నేను ఆ పెట్టె గురించే ఆలోచించాను. ఎవరైనా పలకరిస్తే విసుక్కున్నాను.

మే పదిహేడో తేదీ ఆవిడ డైరీలో వేసిన అంకె ముప్పై మూడు. పద్దెనిమిదిన ముప్పై రెండున్నర. ఇంకొక్క రోజు దాటితే కిటికీ ఆవిడది.

ఆ రాత్రి నాకొక ఆలోచన వచ్చింది. దాన్ని ఇక్కడ రాయడానికి సిగ్గుపడుతున్నా, రాయక తప్పదు. ఏడింటికి నేను వచ్చి చూసేసరికి నీరు రోజూ ముప్పైకి దగ్గర్లోనే ఉంటోంది. తొట్టిలో ఉన్నది సుమారు నూట నలభై లీటర్లు. లెక్క వేశాను. అంత నీరు, ఆ మూత కింద, ఆ గదిలో, నాలుగు గంటల్లో రెండున్నర మూడు డిగ్రీలు దిగడం అసాధ్యం. రెండో పద్ధతిలో కూడా వేశాను, అదే వచ్చింది. లెక్కలో తప్పు లేనప్పుడు మూడింటి అంకెల్లోనే తప్పుండాలి. అంకెలు పెరిగితే లాభం ఎవరికో వేరే చెప్పనక్కరలేదు.

పంతొమ్మిదో తేదీ గురువారం సెలవు పెట్టాను. నడుం నొప్పి అని ఆవిడకు చెప్పి ముందుగదిలో పడక్కుర్చీలో కూర్చున్నాను. మూడింటికి ఆవిడ మిషన్ ఆపి వచ్చి, వంగి థర్మామీటరు చూసింది.

"ముప్పై మూడు. మీరూ చూడండి."

చూశాను. ముప్పై మూడూ, ఒక వెంట్రుకవాసి పైన. ఆవిడ ముప్పై మూడనే రాసింది.

నేను మాట్లాడేలోపే లోపలికి వెళ్లి కుట్టుపని చెక్క స్కేలూ, రెండు దారపు ఉండలూ తెచ్చింది. మూత ఒక పక్క ఎత్తి, ఉండలు కింద దోపి, స్కేలు అడ్డం నిలబెట్టింది. తర్వాత మిషన్ పక్కన ఉండే టేబుల్ ఫ్యాను ఎత్తుకొచ్చి, నీటి మీదకు తిప్పి స్విచ్చి వేసింది. అలవాటైన పనిలా రెండు నిమిషాల్లో అంతా అయిపోయింది.

"ఏంటది?" అన్నాను.

"రోజూ చేసేదే. ఆరింటికి తీసేస్తాను. చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే చూస్తూ కూర్చోమంటారా?"

"మరి మూడింటికి ముందే ఎందుకు చెయ్యవు? అంకె దిగేది కదా."

"మూడింటికి చూడాల్సింది మీ మూత పనితనాన్ని కదండి. మధ్యలో నేను వేలు పెడితే లెక్క చెడిపోద్ది."

"నాకు చెప్పలేదే?"

"మీరు అడగలేదుగా. వచ్చీ రాగానే చేపలు బతికున్నాయా అని చూసి, ఫ్యాను విప్పుకుని కూర్చుంటారు."

ఆవిడ లోపలికి వెళ్లి మళ్లీ కుట్టడం మొదలుపెట్టింది. నేను గుమ్మం దాకా వెళ్లాను. ఫ్యాను లేని ఆ గదిలో ఒక్క నిమిషం నిలబడేసరికి నా చొక్కా వీపుకు అంటుకుంది. వెనక్కి వచ్చి, ఎత్తి ఉన్న మూత దగ్గర చెయ్యి పెట్టి చూశాను. ఇప్పుడు నా చిన్న ఫ్యాను దగ్గర గాలి ధారగా పోతోంది. అప్పుడర్థమైంది. వేడిగాలి పోవడానికి దారి పెట్టాను గాని, దాని బదులు గాలి లోపలికి రావడానికి దారి పెట్టలేదు. ఉన్న ఒక్క దారి మేస్త్రి ఇచ్చిన ఆ అంగుళం. దాన్ని స్పాంజి పెట్టి మూసింది నేను.

"దొరికింది," అన్నాను గుమ్మంలోంచి. "ఆ స్పాంజి పీకేస్తే సరిపోతుంది. రేపటి నుంచి చూడు, ముప్పై ఒకటి దాటదు."

మిషన్ ఆగలేదు. "దాటకపోవచ్చండి. మూడు రోజులూ అయిపోయాయి."

పడక్కుర్చీలో కూర్చుని చాలాసేపు వాదనలు వెతికాను. మొదటి రోజు కరెంటులో హెచ్చుతగ్గులున్నాయి అనవచ్చు. దోషం మూత సిద్ధాంతంలో లేదు, అమలులో ఉంది అనవచ్చు. ఏ వాదన పట్టుకున్నా, ఆవిడ రాసిన అంకె నిలుస్తోంది, నా సంతకం మొదటి పేజీలో నిలుస్తోంది. సాయంత్రం ఆరింటికి ఆవిడ వచ్చి దారపు ఉండలు తీసుకుని మూత దించుతుంటే, "ఉండనీ," అన్నాను.

మర్నాడు కూడా సెలవు పొడిగించాను. నీళ్లు బకెట్లలోకి తోడి, చేపల్ని స్టీలు గిన్నెలోకి పట్టి, తొట్టిని వసారాలోకి మోశాం. ఆవిడ ఒక కొస, నేను ఒక కొస. అక్కడ ప్లగ్గు లేదు కనుక మూత బీరువా మీదకెక్కింది. మిషన్ ముందుగదిలోకి వచ్చింది. కిటికీ రెక్కలు తేమకు ఉబ్బి బిగుసుకుపోయాయి. స్క్రూడ్రైవరుతో సందు చేసి, భుజంతో నెట్టి తెరిచాను. రెక్క చెక్క అంచు పెచ్చు ఊడింది. ఎంత మేర ఊడిందో కొలుద్దామని అక్కడే వంగి నిలబడ్డాను.

ఆవిడ అప్పటికే కూర్చుని, నల్లదారం సూదికి ఎక్కిస్తోంది.

"కాస్త పక్కకి జరగండి," అంది. "వెలుతురు ఆగిపోయింది."