మేస్త్రీగారి కత్తెర

రోజుకు నాలుగుసార్లు కత్తెర పోగొట్టుకోవడం మేస్త్రీగారి అలవాటు. పన్నెండు మిషన్ల ఆ కుట్టుహాలు ఆయనదే. గోడ గడియారమైనా ఒక్కోరోజు వెనకబడేదేమో గానీ, ఆయన కత్తెర మాత్రం వేళ తప్పేది కాదు.

పోనీ చిన్న వస్తువా అంటే, మూరెడు ఇనప కత్తెర! అంతటిదీ ఇస్త్రీబల్ల కిందో, ఎవరికీ అందని పై అరలోనో దొరికేది.

"కత్తెర పోయిందర్రా! అందరూ లేవండి!" అని కేకేసి, తాను మాత్రం కుర్చీలో కాళ్ళు బారజాపుకునేవారు. "ఒరేయ్, చేతులెత్తి పైన చూడు! అమ్మాయ్, నువ్వు వంగి కింద చూడు! కిటికీలోంచి దూరంగా చూడండి, దూరంగా!"

"దూరంగా చూడ్డానికి దానికేమన్నా రెక్కలొచ్చాయా మేస్త్రీగారూ?" అనేది గుండీలు కుట్టే అక్క.

"నా కత్తెర సంగతి నీకేం తెలుసు? చూడు!"

కాలర్లు కుట్టేవాడికి ఒళ్ళు మండిపోయేది. అందుకే అతన్ని చిటపట అనేవారు. కాలరుకింతని కూలి. ఈ వెతుకులాటకు రోజూ నాలుగు కాలర్లు గోవిందా! ఒక సోమవారం అతను నాడా తెచ్చి, కత్తెరను బల్లకాలికి ఏడు ముడులేసి కట్టేశాడు.

మేస్త్రీగారు ముడులు చూశారు, అతన్ని చూశారు. పదిన్నరకు, "టేపు పోయిందర్రా!" అన్నారు. తలా ఒక టేపు ఆయన ఒళ్ళోకి విసిరారు గానీ, ఒక్కరూ లేవలేదు.

మూడు రోజులు మిషన్లు ఆగలేదు. చిటపట పక్కన కాలర్లు గుట్టగా పెరిగాయి. నాలుగోరోజు అతని కుడిచేతి వేళ్ళు మొద్దుబారిపోయాయి. సూదిలోకి దారం ఎక్కదు. చెయ్యి పోతే పనీ పోతుంది. అతను చేతిని బల్ల కింద దాచుకున్నాడు.

"ఏదీ, చెయ్యి చూపించు," మేస్త్రీగారు పక్కకొచ్చి నిలబడ్డారు.

"ఏం లేదండీ."

"ఏం లేకపోతే దాచడమెందుకురా?"

"నన్ను పనిలోంచి తీసేస్తారా?"

"తీసేస్తా, వారం రోజులు. ముందు డాక్టరు దగ్గరికి పద. కూలి నీ ఇంటికే వస్తుంది."

గుండీల అక్క ఇక ఆగలేకపోయింది. "గంటన్నరకోసారి లేచి ఒళ్ళు విరుచుకోండని పదేళ్ళ కింద గోడకు కాగితం అంటించారు. ఎవరం లేచాం? ఇంకొక్క గుండీ, ఇంకొక్క గుండీ అని కూర్చున్నాం. ఆ నెల్లోనే ఆయన కత్తెర పోవడం మొదలైంది."

"అంటే నీకు తెలుసా అక్కా?"

"నీకు తప్ప అందరికీ తెలుసు."

"మరి ఈ మూడ్రోజులూ మీరైనా లేవలేదేం?"

"ఆయన అరవందే లేవబుద్ధి కాదు మరి!"

"అబద్ధం. నిజంగానే పోతుంది," అన్నారు మేస్త్రీగారు, ముఖం పక్కకు తిప్పుకుని.

వారం తర్వాత చెయ్యి కుదుటపడి, చిటపట పనిలోకొచ్చి, ముందు కత్తెర ముడులు విప్పేశాడు. హాల్లో అందరూ లేస్తున్నా కుర్చీ వదలని మనిషి ఒక్కరే ఉన్నారని, ఆయన సాయంత్రం లేచేటప్పుడు మోకాళ్ళు పట్టుకుని మూలుగుతారని అప్పుడు కనిపెట్టాడు.

మర్నాడు, "నా కళ్ళజోడేదర్రా?" అని కేక వినిపించింది. ఎవరూ కదల్లేదు.

"మేం పనిలో ఉన్నాం, మీరే వెతుక్కోండి మేస్త్రీగారూ!" అన్నాడు చిటపట.

మేస్త్రీగారు తిట్టుకుంటూ లేచారు. హాలంతా మూడు చుట్లు తిరిగారు. కళ్ళజోడు చిటపట జేబులో ఉంది.

"ఇచ్చెయ్యరా, పాపం," అంది అక్క మెల్లగా.

"ఉండక్కా, ఇంకొక్క చుట్టు."