ముఖారి మధ్యలో లేచిన మనిషి

నా ముందరి పన్ను ఒకటి లేదు. దానికి కారణం ముఖారి రాగం. ఎవరైనా అడిగితే బండి మీద నుంచి పడ్డానని చెప్తాను. రాగం వల్ల పన్ను పోయిందంటే నమ్మేవాళ్లు మా ఊరి చర్చి బయట ఎవరూ ఉండరు. అందుకే నా పెళ్లి ఫోటోలన్నింటిలోనూ నోరు మూసుకునే ఉన్నాను.

ఆ పన్ను రాలగొట్టినవాడు మా అక్క స్వర్ణ మొగుడు, మా బావ యోహాను. నార్కట్‌పల్లిలో బియ్యం గోదాముల దగ్గర హమాలీ. నిండు బస్తాను ఒక్క ఊపులో వీపు మీదికి ఎత్తుకుంటాడు. చెయ్యి రోకలిలా ఉంటుంది, ఆ చెయ్యికి ఆగడం తెలియదు. మాట తేడా వచ్చిందని డ్రైవర్లను కొట్టాడు. వరుస తప్పి బస్తా అందుకున్నాడని తోటి హమాలీని కొట్టాడు. ఒకసారి దారికి అడ్డం నిలబడ్డ ఎద్దును గుద్ది తన మణికట్టే విరగ్గొట్టుకున్నాడు. కట్టు కట్టించుకుని దవాఖాన నుంచి వస్తూ, ఆ ఎద్దు ఎవరిదని వాకబు చేశాడు. అదీ మా బావ.

ఇంత మొరటు మనిషికి రాగం ఎక్కడ తగులుకుందంటే, చర్చిలోనే. మా పాటల పుస్తకంలో ప్రతి కీర్తన నెత్తిన రాగం పేరు, తాళం పేరు అచ్చువేసి ఉంటాయి. పాతకాలం వాళ్లు ఈ నేల మీది రాగాల్లోనే దేవుణ్ణి పాడుకున్నారు. ఒకరి పొలాల్లో కూలి చేసుకుని బతికిన మా తాతలకు అక్షరం ముక్క రాకపోయినా ఏ పాట ఏ రాగమో తెలుసు. మా ఊళ్లో ముఖారి అంటే బొంద దగ్గర పాడేది. యోహాను తండ్రి చెన్నయ్య చర్చిలో పాట ఎత్తేవాడు. ఎవరు చనిపోయినా, పెట్టెను బొందలోకి దించేటప్పుడు ఆయనే ముఖారి అందుకునేవాడు. యోహానుకు తండ్రి గొంతు రాలేదు. నోరు తెరిస్తే తుప్పు పట్టిన షట్టరు ఎత్తినట్టు ఉంటుంది. వినడం మాత్రం బాగా వచ్చింది. అందరూ ఏడుస్తుంటే ఈయన కళ్లు మూసుకుని తల ఊపేవాడు. చుట్టరికం లేని చావులకు కూడా పోయేవాడు. ఈయన తమవైపు చూస్తే ఊళ్లో ముసలివాళ్లు గాబరాపడేవాళ్లు.

తెలంగాణ వచ్చిన ఏడు, గోదాము ముందు ఒక విజయవాడ లారీ ఆగింది. డ్రైవరు క్యాబిన్‌లో ఏదో కచేరీ పెట్టుకుని వింటున్నాడు. వీపు మీద బస్తాతో పోతున్న యోహాను నిలబడిపోయాడు. వినిపిస్తున్నది ముఖారే, సందేహం లేదు. కానీ పాటలో యేసు లేడు, రాముడు ఉన్నాడు. మా చర్చి రాగాన్ని ఎవరో ఎత్తుకుపోయారనుకున్నాడు పాపం. బస్తా కింద పడేశాడు. క్యాబిన్ తలుపు తీసి, డ్రైవరును కాలరు పట్టి కిందికి గుంజి, ముక్కు మీద గుద్దాడు.

"మా రాగం మీకెవరిచ్చిండ్రు?" అని అడిగాడు.

ఆ డ్రైవరు ఎవరో గాని మంచివాడు, లేదా మా బావ కంటే పెద్ద పిచ్చివాడు. ముక్కులో రక్తం తుడుచుకుంటూనే, ఈ రాగం మీ చర్చి పునాది తియ్యకముందు నుంచీ ఉందని చెప్పాడు. నమ్మకపోతే లోపల కూర్చుని వినమని పాటను మొదటి నుంచి మళ్లీ పెట్టాడు. అప్పుడు యోహాను అంతకుముందు ఎరగనిది ఒకటి విన్నాడు. పాటకు ముందు, మాటలు లేకుండా, ఏ దేవుడి పేరూ లేకుండా, ఒట్టి రాగాన్నే పాడుతున్నారు. దాన్ని ఆలాపన అంటారని డ్రైవరు చెప్పాడు. బొంద దగ్గర మట్టి వెయ్యడం అయిపోగానే ఆగిపోయే ముఖారి ఇక్కడ తొందర లేకుండా, ఒక్కో స్వరం దగ్గర కూర్చుని లేచి పోతోంది. బస్తాలన్నీ వదిలేసి చివరిదాకా విన్నాడు. ఆ రోజు కూలి పోయింది.

ఆ తర్వాత ఫోనులో కచేరీలు నింపించుకున్నాడు. పని నుంచి వచ్చి, నీళ్లు పోసుకుని, వాకిట్లో మంచం మీద పడుకుని వినేవాడు. అప్పుడు ఎవరూ మాట్లాడకూడదు. ముఖారిలో ఆయనకు ప్రాణమైన చోటు ఒకటుంది. గొంతు పైకి ఎక్కేటప్పుడు గట్టిగా నిలబడే ధైవతం, కిందికి దిగేటప్పుడు ఒక మెట్టు తగ్గి పలుకుతుంది. ఈ ధైవతం పేరు ఆయనకు తెలియదు. నాకు ఒకసారి తన మాటల్లో చెప్పాడు.

"ఎక్కేటప్పుడు గట్టిగ ఉంటది. దిగేటప్పుడు గదే జాగల మెత్తబడ్తది చూడు. మనిషన్నంక గట్ల ఉండాలె."

ఈ మాట అన్నది ఎవరో మరిచిపోకండి.

ఆ మోజులోనే కూతురు గ్లోరీని నల్లగొండలో మంజులత టీచర్ దగ్గర సంగీతంలో చేర్పించాడు. తాత గొంతు మనవరాలికి వచ్చింది. గ్లోరీ నోట ముఖారి ఆలాపన వినాలని యోహాను పడిన తపన ఇంతా అంతా కాదు. టీచరేమో అన్నీ వరసగా రావాలి, దానికింకా సమయం ఉందనేది. ఆమె ఆడమనిషి కాబట్టి బతికిపోయిందని నేను ఎగతాళి చేసేవాణ్ణి. ఆడమనిషి అయితే బతికిపోతుందని నేనెట్లా అనుకున్నానో.

చెన్నయ్య చనిపోయినప్పుడు పాస్టరు ముఖారి ఎత్తాడు. పెట్టె దిగుతోంది. సరిగ్గా అప్పుడే నా జేబులో ఫోను సినిమా పాటతో మోగింది. నేను జేబులో చెయ్యి పెట్టేలోపే బావ వెనక్కి తిరిగి గుద్దాడు. నా పన్ను ఎగిరి బొందలో పడింది. ఇప్పటికీ చెన్నయ్యతో పాటు అక్కడే ఉంది. నోటి నిండా రక్తంతో నేను ఒడ్డున కూలబడితే, ఆయన మళ్లీ కళ్లు మూసుకుని పాట వింటున్నాడు. జనం ఆ తర్వాత చాలా రోజులు నవ్వుకున్నారు. కొన్నాళ్లకు నేను కూడా నవ్వాను.

మా అక్క విషయంలో మాత్రం ఎవరూ నవ్వలేదు.

ఆ మరుసటేడు ఒక సాయంత్రం తాగే నీళ్ల ఆటో వీధిలోకి వచ్చింది. క్యాన్లు మొయ్యమని అక్క పిలిచింది. మంచం మీద బావ, పక్కన ఫోనులో ముఖారి. మళ్లీ పిలిచింది. ఆటో పోతోందని, ఫోను తీసి పాట ఆపింది. ఆయన లేచి చెయ్యి చాచి ఆమె ఎడమ చెవి మీద కొట్టాడు. అక్క దర్వాజాకు కొట్టుకుని పడిపోయింది. చెవిలోంచి రక్తం మెడ మీదుగా జాకెట్టులోకి కారింది. దవాఖానలో డాక్టరు చూసి లోపలి పొర చిరిగిపోయిందన్నాడు. తర్వాత చీము పట్టింది. ఆ చెవి ఇక వినబడలేదు.

నాకు కబురు తెలిసి గొడ్డలి కామ పట్టుకుని పోయాను. బావ వాకిట్లో కూర్చుని ఉన్నాడు. వీపు మీద, భుజాల మీద, చేతుల మీద నా ఓపిక ఉన్నంతసేపు కొట్టాను. ఆయన తప్పించుకోలేదు, చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. కామ విరిగింది. అలసిపోయింది నేనే. కొట్టినందుకు నాకు ఇప్పటికీ బాధ లేదు. పోలీసుల దగ్గరికి పోదామని అక్కను బతిమాలాను. వద్దంది. బిడ్డ చదువు, సంగీతం నడవాలంటే ఇంట్లోకి కూలి రావాలంది. ఆమె లెక్క అది. నా ఒళ్లు మండింది గాని ఏం చేస్తాను.

ఆ రాత్రి యోహాను ఆ ఫోనును రోట్లో వేసి దంచాడు. తెల్లారి గ్లోరీ తండ్రి ఎదురుగా నిలబడింది. అప్పటికి ఆమెకు పదహారేళ్లు.

"నాయినా, సంగీతం ఆప. అన్ని రాగాలు నేర్సుకుంట. ముఖారి మాత్రం నీ చెవుల పడనియ్య."

అన్నట్టే చేసింది. ముఖారి వచ్చే వయసు వచ్చింది, టీచర్ నేర్పింది, గ్లోరీ అందులో అందరికంటే మిన్న అయింది. చర్చిలో ఆడవాళ్లు విన్నారు, నేను విన్నాను, అక్క కుడి చెవి ఒగ్గి విన్నది. యోహాను గుమ్మంలోకి వస్తే పాట ఆగేది. సందు మొదట్లో నిలబడితే అక్కడి దాకా వినబడకుండా గొంతు తగ్గేది. ఆయన అడగలేదు. ఫోనులో కూడా వినలేదు. కొట్టడం మానేశాడు. గోదాము దగ్గర ఎవడైనా రెచ్చగొడితే చెయ్యి లేవబోయి లుంగీ మడతలోకి పోయేది. ఏళ్లు గడిచాయి. నేను మెత్తబడలేదు, గ్లోరీ కూడా మెత్తబడలేదు.

పోయిన ఎండాకాలం నల్లగొండలో ఒక కల్యాణ మండపంలో అక్కడి సంగీత సభ కమిటీ వాళ్లు గ్లోరీ మొదటి పూర్తి కచేరీ పెట్టారు. ఆ ముందురోజు ఆమె తండ్రితో తనంత తానే మాట్లాడింది.

"రేపు ముఖారి పాడుతున్న. రా. ఆఖరి వరుసల కూసో. చెయ్యి లేవొద్దు. లేస్తే ఇగ నీ జన్మల వినవు."

యోహాను తల ఊపాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని మూడు గంటలకే వెళ్లి ఆఖరి వరుసలో కూర్చున్నాడు. ఆయనకు కాపలా నేను. అక్కను మంజులత టీచర్ మొదటి వరుసలో ఎడమ కొసన కూర్చోబెట్టింది. అక్కడైతే వేదిక ఆమె కుడి చెవి వైపు ఉంటుంది. చిన్న పాటలు అయ్యాయి. గ్లోరీ మంచినీళ్లు తాగి, కళ్లు మూసుకుని ముఖారి అందుకుంది. మృదంగం వాయించేవాడు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. బావ రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు. ఆయన కళ్ల నుంచి నీళ్లు గడ్డం దాకా కారుతున్నాయి, తుడుచుకోవడానికి కూడా చేతులు బయటికి తియ్యలేదు. గొంతు కింది స్వరాల్లో తిరిగి తిరిగి, మెల్లగా పైకి ఎక్కి, పై షడ్జం మీద నిలబడింది. ఇక దిగడమే తరువాయి.

అప్పుడు పక్క దారిలోంచి కమిటీ కుర్రాడొకడు వచ్చి అక్క ఎడమ వైపు వంగాడు. వెనకాల పట్టు పంచెలో ఒక పెద్దమనిషి నిలబడి ఉన్నాడు. కుర్చీ ఆయనకు కావాలి. వాడు ఏదో చెప్పాడు. చెప్పింది చచ్చిన చెవికి. అక్క కూతురి వైపే చూస్తోంది. వాడు మళ్లీ చెప్పి, ఆమె లెక్క చెయ్యడం లేదనుకున్నాడేమో, రెక్క పట్టి గుంజాడు. కుర్చీ కీచుమంది. అక్క మోకాళ్ల మీద పడింది.

బావ లేచాడు. నేను చొక్కా పట్టుకున్నాను.

"బావా, కూసో. ఇగ దిగుతాంది. నీ జాగ వస్తాంది."

"స్వర్ణ పడ్డది రా," అన్నాడు.

చొక్కా చిరిగి నా చేతిలో ఉండిపోయింది. కుర్చీలు తోసుకుంటూ, మనుషుల కాళ్లు తొక్కుకుంటూ పోయి ఆ కుర్రాణ్ణి ఒక్క గుద్దు గుద్దాడు. వాడు పూలకుండీ మీద పడ్డాడు. పట్టు పంచె పెద్దమనిషి మెడ పట్టి పక్కకు విసిరాడు. వంగి అక్కను లేపి అదే కుర్చీలో కూర్చోబెట్టాడు. అంతే, ఆ తర్వాత చెయ్యి ఎత్తలేదు. కమిటీ వాళ్లు చుట్టుముట్టి పిడిగుద్దులు గుద్దారు. ఒకడు ఇనుప కుర్చీ మడిచి తల మీద కొట్టాడు. నుదురు పగిలింది. కాళ్లు పట్టి ఈడ్చుకుపోయి మెట్ల మీద కడుపులో తన్నారు. అడ్డం పోయిన నాకూ పడ్డాయి. పై షడ్జం ఎప్పుడు తెగిందో నాకు వినబడలేదు.

గ్లోరీ వేదిక దిగి వచ్చింది. తండ్రిని పంపించేస్తే కచేరీ కొనసాగించవచ్చని కమిటీ పెద్ద చెప్పాడు. మా అమ్మను గుంజినోడు ముందు బయటికి పోవాలని గ్లోరీ అంది. వాళ్లు ఒప్పుకోలేదు. టీచర్ తంబురా సర్దేసింది. అంతటితో అయిపోయింది.

దవాఖానలో కుట్లు వేయించి ఆటో మాట్లాడాను. నేను డ్రైవరు పక్కన, వాళ్లు ముగ్గురూ వెనక. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయిన ముఖంతో బావ కూతురి వైపు తిరిగాడు. చెయ్యి లేచిందని, ముఖారి పాడమని ఇక ఎప్పటికీ అడగనని చెప్పాడు. పెదవి వాచి మాట సరిగ్గా రావడం లేదు.

గ్లోరీ రోడ్డు వైపే చూస్తూ అంది, "అమ్మను అడుగు. ఆమె పాడమంటే పాడుత."

ఆయన అడగలేదు. ఏ ముఖం పెట్టుకుని అడుగుతాడు? గ్లోరీయే తల్లి కుడి చెవి దగ్గరికి వంగి చెప్పింది. అక్క మోకాలు రుద్దుకుంటూ విన్నది.

"పాడు బిడ్డా," అంది. "ఆయనను విననీ. నాకు సగమే వినవడ్తది. ఆయన పూర్తిగ విని ఏడ్వనీ."

గ్లోరీ మొదటి నుంచి పాడింది. పైకి ఎక్కి, నిలబడి, దిగింది. దిగేచోట బావ రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. కుట్ల మీది కట్టు తడిసేలా, గట్టిగా, సిగ్గు లేకుండా ఏడ్చాడు. గ్లోరీ ఆపలేదు. నార్కట్‌పల్లి వచ్చేదాకా పాడుతూనే ఉంది. ఆయనను ఓదార్చాలని నాకు అనిపించలేదు.