ఇంటల్లుణ్ణి చంపిన డ్రాగను

ఇంటల్లుణ్ణి ఇంట్లోనే, మా అక్క వినేలా, చంపేసిన ఘనుణ్ణి నేను. పోలీసులు రాలేదు. వచ్చుంటే బాగుండేది, కనీసం మా అమ్మ చేతిలోంచి తప్పించేవారు.

రెండువేల రెండులో విశాఖపట్నంలో ఇంజనీరింగు వెలగబెడుతూ ఒక ఆట నేర్చుకున్నాను. ఒకడు కథ చెబుతాడు, మిగతావాళ్ళు వీరుల వేషం కట్టి మాటలతోనే యుద్ధం చేస్తారు. చెల్లి నిశ్చితార్థానికి పలాస వస్తూ ఆ నియమాల జిరాక్సు కాగితాలు చంకలో పెట్టుకొచ్చాను. గెలుపోటములు తేల్చే ఇరవై ముఖాల పాచిక మా ఊళ్ళో దొరకదు గనక ఇరవై అంకెలు చీటీల మీద రాసి జీడిపప్పు డబ్బాలో వేశాను. ఇరవై వస్తే వేటు తిరుగులేనిది, ఒకటి వస్తే వీరుడి పని సరి. మహేంద్రగిరికి ఇవతల నాకంటే మేధావి లేడని అప్పట్లో నా నమ్మకం.

నా చేతికి చిక్కినవాళ్ళు ఇద్దరు. పనులకని ముందే కవిటి నుంచి వచ్చిన అక్క మొగుడు లోకనాథం బావ, సముద్రం మీద వేటకెళ్ళే నా స్నేహితుడు ఎర్రయ్య.

"లోకాన్ని బూడిద చేసే డ్రాగను లేచింది," అన్నాను గొంతు బొంగురు చేసి. "మీ వీరుడు దాన్ని ఎందుకు ఎదిరిస్తాడు? కారణం చెప్పండి."

"సముద్రమ్మీద ఎగుర్తాదా?" అన్నాడు ఎర్రయ్య. "అయితే సేపలు బెదిరిపోతాయి. అందుకే సంపుతాను."

"ఛీ! లోకం పోతుంటే చేపలా?"

బావ కాలు మీద కాలేసుకున్నాడు. "రాజు నన్ను పిలిసినాడా?"

"దండోరా వేయించాడు బావా."

"దండోరా ఊరందరికీని. నన్ను ఇంటికొచ్చి పిలవాల గదా? పిలవని పేరంటానికి నానెల్లను."

"లోకం తగలబడిపోతోంది!"

"తగలబడనీ. పరువు కన్నా ఎక్కువా ఏటి?"

బుద్ధున్నవాడైతే ఇక్కడ నవ్వి ఊరుకుంటాడు. నాకది లేదు. "ఇంత నీచమైన కారణమా!" అని బావ పేరున చీటీ తీశాను. ఒకటి వచ్చింది. "మంట కక్కేసింది. బావా, నువ్వు చచ్చిపోయావు!"

వంటింట్లో గిన్నె పడింది. అక్క ఏడుపు లంకించుకుంది. అమ్మ గరిటెతో వచ్చింది. "సుభమా అని తాంబూలాలు పుచ్చుకుంటంటే ఇంటల్లుణ్ణి సచ్చిపోయావంటావేట్రా? నీ నోరు పడిపోను!"

బావ ఆ డబ్బా, కాగితాలు లాక్కుని, "సచ్చినోడికి తాంబూలాలతో పనేటి?" అని కవిటి బస్సెక్కేశాడు. కొరివితో తల గోక్కున్నవాళ్ళని చూసుంటారు, డ్రాగనుతో గోక్కున్నవాణ్ణి నన్నే చూడాలి. పెద్దల్లుడేడని పెళ్ళివారు అడిగితే ఏం చెప్పాలి, కాలిపోయాడనా? సంబంధం తప్పిపోతుందేమోనని చెల్లి అన్నం మానేసింది. అది చూశాక నిజంగానే భయమేసింది, సిగ్గేసింది.

మర్నాడు పళ్ళు పట్టుకుని కవిటి వెళ్ళాను. కొబ్బరితోటలో బావ, ఆయన స్నేహితులు ఆరుగురు, మధ్యలో నా డబ్బా.

"రా, కూకో. నువ్వే డ్రాగనువి," అన్నాడు బావ. "ఈడ్నెందుకు సంపాలో సెప్పండ్రా."

"మా లోకనాథాన్ని సచ్చిపోయాడన్నాడు."

"మరేటి కావాల? నాదీ అదే."

ఆరుగురిదీ ఒకే కారణం. నా జిరాక్సు కాగితాలన్నిట్లోనూ అంత బలమైన కారణం లేదు. తీసిన ప్రతి చీటీ ఇరవయ్యే. డబ్బాలో వేరే అంకె లేదని తరవాత తెలిసింది. రెక్కలు కొట్టుకుంటూ చావాలని బావ పట్టుబడితే, ఇసకలో అలాగే చచ్చాను.

ఆ మర్నాడు నిశ్చితార్థంలో పెళ్ళికొడుకు తండ్రి, విస్తళ్ళు వేస్తున్న నన్ను చూపించి, "ఈ అబ్బాయెవరు?" అన్నాడు.

"మా బావమరిదండి, ఇంజనీరింగు," అన్నాడు బావ. "నిన్ననే సంపినాం. అయినా పన్లోకి బాగానే వంగుతన్నాడు."

ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను: ఇక ఎంతటి డ్రాగను లేచినా ఇంటల్లుడి ప్రాణం జోలికి పోను, ఆయన ఎందుకు పోరాడతాడో అడగను. లోకం పోతే పోయింది.